వెండి రంగు లేని ముఖం

తెర లేవడానికి ఇంకా పది నిమిషాలుంది. మేకప్ గదిలో రాక్ బ్యాండ్ గాయకుడు, పెళ్లై నెలైనా నిండని అతని భార్య మాత్రమే ఉన్నారు.

"నాకు భయమేస్తోంది."

"పెళ్లినాడు ఇంతకన్నా భయపడ్డావు. రిజిస్టరులో పెళ్లికూతురి గడిలో సంతకం పెట్టేశావు."

"నవ్వకు. పన్నెండేళ్లు ముఖానికి వెండి రంగు, కంటి మీద ఎర్ర నక్షత్రం వేసుకుని పాడాను. పోయిన రెండు ఆల్బమ్‌లూ ఎవరూ వినలేదని, ఇవాళ వేషం తీసేసి పాడదామనుకున్నాం. ఇదీ పోతే బ్యాండ్ మూసేసుకోవడమే."

"తెలుసు. ఇప్పుడేమైంది?"

"ఆ మాట పోస్టర్ల మీద వేయించాలని మా నలుగురిలో ఒక్కడికీ తట్టలేదు! తెర సందులోంచి చూశాను. హాలంతా వెండి రంగు పూసుకొచ్చారు, ముసలాళ్లతో సహా."

"అబ్బ, ఎంత ముద్దుగా ఉంటారో! నేనూ చూస్తా."

"ముద్దేమిటే! ఈ ముఖం చూసి ఎవడీడు అంటారు. ఆ రంగు డబ్బా ఇలా ఇవ్వు."

"ఇవ్వను. పంటి డాక్టరు దగ్గర బుగ్గ వాచిపోయి నువ్వు కూనిరాగం తీస్తుంటే, నేను మొదట చూసింది ఈ ముఖాన్నే."

"నువ్వొక్కదానివి. అక్కడ ఎనిమిది వందల మంది!"

"ఎనిమిది వందల వెండి ముఖాల్లో ఒక్కటే ఉత్త ముఖం. పాడేవాడెవడో గుర్తుపట్టడానికి ఇంతకన్నా తేలికేముంటుంది?"

"గంట కొట్టారు."

"వెళ్లు మరి."

"నా చెయ్యి వదిలితే వెళ్తాను."

"ఒక్క క్షణం ఉండు. నాకూ భయమేస్తోంది."