అక్క గొంతు మీద ఛైర్మన్ గారు

హలో… ఆ, నేనే బావా. గుట్ట మీంచి… గాలి చప్పుడు అది. టవర్ ఎక్కి ఉన్నా. నడుముకి బెల్టుంది, కంగారు పడకు. కంగారు పడాల్సింది వేరే ఉంది.

అక్క పడవ ఆగిపోయింది.

…రిజర్వాయర్ మధ్యలో. పొద్దున టీకాల పెట్టెతో అవతలి ఒడ్డుకెళ్లింది కదా, తిరిగొస్తుంటే ఇంజను చచ్చింది. అడుగున నీళ్లొస్తున్నాయి… ఎంతంటే, తనూ పడవవాడూ మగ్గులతో తోడుతున్నారు…

సెల్లు అక్కడ ఎప్పుడు పనిచేసింది గనక? నేనిచ్చిన వాకీటాకీ ఉంది. దాంట్లో మాట్లాడుతోంది. ఆ మాటని ఈ గుట్ట మీది మా రిపీటర్ అందుకుని, బలంగా మళ్లీ వదిల్తేనే ఒడ్డున లాంచీ సరంగుకి వినిపిస్తుంది…

వదుల్తోంది. మీ ఛైర్మన్ గారిని వదుల్తోంది.

…అవును, మీ ఎఫ్.ఎం. స్టేషన్ ఛైర్మన్ గారినే. అక్క "మేము ఎడమవైపు" అంటుంది, ఏ దిబ్బకి ఎడమవైపో చెప్పేలోగా ఆయన "నేను చెప్పుల్లేకుండా బడికెళ్లాను" అంటాడు. దిబ్బలు నలభై ఉన్నాయి బావా. సరంగు ఇంజను వేసుకుని కూర్చున్నాడు, ఎటు పోవాలో తెలీదు.

ఒక్క నిమిషం మీ ట్రాన్స్‌మిటర్ ఆపు.

…లైవ్ అని తెలుసు. వింటున్నాగా…

ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. అక్కలాంటిది ఇంకోటి దొరకదు. ఈ ఒక్కటీ నిన్నెలా ఒప్పుకుందో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు…

తుప్పా? మా టవర్ మీదా? ఇక్కడ ప్రతి బోల్టూ నేను బిగించిందే…

తెలుసు బావా, పాఠం చెప్పకు. నీ స్టేషనూ పక్క కొండ మీది స్టేషనూ రెండూ తుప్పు పట్టిన అతుకులో పడితే, కలగలిసిపోయి ఇంకో ఫ్రీక్వెన్సీలో తేల్తాయి. అది మా రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీయే కావచ్చు. ఒప్పుకున్నా. కానీ ఇక్కడ తుప్పు—

సరే, ఊపి చూస్తా. నువ్వు మాత్రం స్విచ్ దగ్గరికి నడు… పరిగెత్తు…

ఊపుతున్నా…

…

బావా. ఊపితే మీ ఛైర్మన్‌కి నత్తి వస్తోంది.

…యాంటెన్నా కాలి దగ్గర. ఇనపతీగ. ఎర్రగా పొట్టు రాలుతోంది… ఎవరో కట్టార్లే…

ఎవరైతే ఏంటి నీకు?… నేనే. పోయిన వానాకాలం క్లాంపు విరిగితే, రెండ్రోజులకే కదా అని కట్టా. మర్చిపోయా…

అవును, మూడు వారాలుగా మీ స్టేషన్ మీద ఫిర్యాదుల మీద ఫిర్యాదులు రాసింది కూడా నేనే. తర్వాత తిట్టు. కటింగ్ ప్లేయర్ తీశా. ఆ పక్కన రెండో క్లాంపు ఉంది, యాంటెన్నా పడదు… కోస్తున్నా…

తెగింది.

…ఆగాడు. ఛైర్మన్ ఆగాడు బావా, తీగే దొంగ—

ఏంటి? నువ్వు కూడా ఆపేశావా? ఇప్పుడేనా?

…ఇద్దరం ఒకేసారి ఎలా చేశాం? ఒకసారికి ఒకటే మార్చాలి, లేకపోతే ఏది పనిచేసిందో బ్రహ్మకి కూడా తెలీదని నాకు నేర్పింది నువ్వే కదా…

వద్దు, మళ్లీ వెయ్యకు. తప్పు తీగది కాకపోతే అక్క గొంతు మళ్లీ పోతుంది. అలాగే ఉంచు… ఛైర్మన్ గారా? బాదనీ. తలుపే కదా. గడియ పెట్టుకో…

ష్. అక్క.

…

…"కొంగల దిబ్బకి ఉత్తరాన. విరిగిన కరెంటు స్తంభం కనిపిస్తోంది."

…సరంగు విన్నాడు. తిరిగి చెప్పాడు కూడా. బయల్దేరాడు బావా…

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయట. టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుందట. పడవవాణ్ణి ఈత వచ్చా అనడిగితే రాదన్నాడట, ఇప్పుడు వాణ్ణి తిడుతోంది… అంటే బాగానే ఉంది.

ఇప్పుడు వెయ్యి. సరంగుకి చోటు తెలిసిపోయింది… భయంగా ఉంటే కళ్లు మూసుకుని వెయ్యి.

వేశావా?…

ఏం లేదు. ఒక్క మాట రావట్లేదు. శుభ్రంగా ఉంది… ఆ, తీగదే. నాదే. ఒకసారి చెప్పా కదా, పాట పాడించకు.

…తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడా? ఆయనకివ్వు ఫోను… ఇవ్వు బావా, నీకు నోరు లేవదు.

నమస్కారమండీ. మీ ఇంజనీరుగారి మరదల్ని… ఆపింది ఆయనే, ఆపించింది నేను. ఆయన భార్య మునిగిపోతున్న పడవలో ఉందండీ. లాంచీ ఇప్పుడే వెళ్లింది…

తప్పు మీ స్టేషన్‌ది కాదండీ. నాది… రాసివ్వాలా? అలాగే. ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాసిస్తా. ఆయన్ని మాత్రం ఏమీ అనకండి…

మీ ప్రసంగం ఎక్కడ ఆగిందా? మీరు పదో తరగతి రెండోసారి తప్పారండీ… లేదండీ, వెటకారం కాదు, మీరే చెప్పారు… విన్నాను. మొత్తం విన్నాను. నాకు వేరే దారి లేదు కదండీ—

ఒక్కసారి ఆయనకివ్వండి. త్వరగా.

బావా, సరంగు పిలుస్తున్నాడు. ఆగు…

…

ఎక్కారు. ఇద్దరూ ఎక్కారు. అక్క ఎక్కింది బావా.

…బావా?

…ఏడవకు. ఛైర్మన్ చూస్తాడు…

ఆయన కూడానా? సరే, ఇద్దరూ కానివ్వండి. నేను టవర్ దిగాలి. పెట్టేస్తున్నా.