స్పెయిన్‌కు ఒక పార్సిల్

సభను నడుపుతున్న మన సంఘం అధ్యక్షులు గజేందర్ గారికి, నా పక్కనే కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న మా క్లినిక్ పెద్ద డాక్టరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా ఉమ్ సలాల్ నుంచీ మదీనత్ అల్ షమాల్ నుంచీ ఈ అల్ వక్రా దాకా కంపెనీ బస్సుల్లో వచ్చిన నా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, మూడో వరుసలో కూర్చుని నా వైపు చూడకుండా తల తిప్పుకున్న మా రాములవ్వకు సునంద నమస్కారాలు.

గజేందర్ గారు నా గురించి చాలా చెప్పారు. అందులో సగం ఎవరి గురించో నాకు అర్థం కాలేదు. (నవ్వులు) ఆయన 'తల్లి లాంటి సిస్టర్' అంటుంటే వెనక నుంచి ఎవరో 'ఆమె తిట్లు తిన్నవా అన్నా' అన్నారు. అన్నది ఎవరో గొంతును బట్టి తెలిసింది, తర్వాత మాట్లాడతాను. కప్పిన శాలువాకు కృతజ్ఞతలు. ఈ ఎండల్లో కప్పితే ఏం చేసుకోవాలో తెలియదు గానీ, నేను పోయే చోట చలికాలం ఉంటుందట, అక్కడ పనికొస్తుంది.

నేను పోయే చోటు గురించే మీరందరూ నెల రోజులుగా చెవులు కొరుక్కుంటున్నారు కాబట్టి దాని గురించే మాట్లాడతాను. ముప్పై ఏళ్ళు ఇక్కడ నర్సుగా పని చేసి, రిటైరై, సొంత ఊరు ఆర్మూరు ఉండగా, తోడబుట్టిన తమ్ముడు ఉండగా, పెళ్ళి కూడా చేసుకోని ఒంటరి ఆడమనిషి స్పెయిన్‌కు పోవడమేమిటి? మా మరదలైతే ఫోన్‌లో, "వదినా, అది ఏ దుబాయ్?" అని అడిగింది. ఖతర్‌లో ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు నేను దుబాయ్‌లోనే ఉన్నాను, ఇప్పుడు ఇంకో దుబాయ్‌కి పోతున్నాను. (నవ్వులు) కాదమ్మా, సముద్రం ఒడ్డున చిన్న ఊరు, చుట్టూ ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు, నార్వేవాళ్ళు, అందరూ నాలాగే రిటైరైనవాళ్ళు అని చెబితే, "అయ్యో, అందరు ముసలోళ్ళేనా? మరి వంటెవరు చేస్తరు?" అన్నది.

ఇదిగో, నా వెనక ఉన్న ఈ అట్టపెట్టె చూడండి. దీని గురించి ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. డాక్టరు గారు కేరళవారు, వారి కోసం చెబుతున్నాను. మనలో ఎవరు సెలవు మీద ఇంటికి పోయినా, ఎవరు ఉద్యోగం వదిలి పూర్తిగా ఎగ్జిట్ కొట్టుకుని పోయినా, వాళ్ళ సామాను వాళ్ళది ఒక్కటే కాదు. లేబర్ క్యాంప్‌లో అందరి ఇళ్ళకూ చేరాల్సిన వస్తువులు ఆ పెట్టెలోనే పోతాయి: దుప్పట్లు, ఖర్జూరాలు, సబ్బులు, తలనొప్పి బామ్, టార్చిలైటు. పెట్టె మూత మీద ఇద్దరు కూర్చుంటే, మన మెట్‌పల్లి నర్సింలు తాడు బిగిస్తాడు. నర్సింలు కట్టిన ముడి విప్పిన మగాడు జగిత్యాల జిల్లాలో ఇంకా పుట్టలేదు, కత్తి పెట్టాల్సిందే.

నేను పోయిన ప్రతిసారీ ఈ పెట్టె నాతో వచ్చింది. ఒకసారి విమానంవాళ్ళు పెట్టె పోగొడితే, ఆర్మూరు దాకా వెళ్ళినదాన్ని మళ్ళీ శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చి, అది దొరికేదాకా కదలనని ఆ కౌంటర్ ముందు కూర్చున్నాను. దొరికింది. నా చేతికిచ్చిన పార్సిల్ చేరలేదన్న మాట ఈనాటికీ లేదు, ఈ ఒక్క విషయంలో నేను నన్ను పొగుడుకుంటాను. పార్సిల్ ఇచ్చి ఊరుకోను, బీపీ చూస్తాను, ఉప్పు తగ్గించమని తిడతాను, వీడియో కాల్ చేసి ఇక్కడివాళ్ళకు చూపిస్తాను. నర్సింలు పంపిన దుప్పటి మెట్‌పల్లిలో వాళ్ళ ఆవిడకు ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మండు వేసవి. ఆమె దాన్ని విప్పి, మొహానికి అదుముకుని, అలాగే చాలాసేపు నిలబడింది. నేను బీపీ మిషన్ చేతిలో పట్టుకుని గోడ వైపు చూస్తూ ఉండిపోయాను. నర్సింలూ, తల దించుకోకు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను స్పెయిన్ పోతున్నానని అందరికీ తెలుసు కదా. టికెట్ నేరుగా దోహా నుంచి మాడ్రిడ్‌కు. అయినా గత వారం నుంచి క్వార్టర్స్‌లో నా గదికి పార్సిళ్ళు రావడం మొదలైంది! మొదట వచ్చింది మా క్లినిక్ వ్యాన్ నడిపే ఖుత్బుద్దీన్ భాయ్, మనవరాలికి గౌను, అత్తరు సీసా పట్టుకుని. "భాయ్, నేను పోయేది స్పెయిన్" అన్నాను. "మాలూమ్ హై సిస్టర్. పోయే తొవ్వలనే గద మన బోధన్?" అన్నాడు. (పెద్దగా నవ్వులు) నవ్వకండి, మీరూ తెచ్చారు! ఖతర్ వదిలిపెట్టి పోయేవాళ్ళు తెలంగాణకు కాక ఇంకెక్కడికైనా పోతారని మీకు ఎంత చెప్పినా బుర్రకెక్కదు. ఇంతవరకూ ఎవరూ పోలేదు మరి.

నాకు కోపం వచ్చింది. నా ఇంజెక్షన్ కంటే నా తిట్టే ఎక్కువ నొప్పి అని చెప్పుకుంటారట కదా, ఆ తిట్లన్నీ తిట్టాను. నేను మనిషినా, కార్గోనా అన్నాను. అప్పుడు రాములవ్వ, మా నర్సుల క్వార్టర్స్‌లో ఇన్నేళ్ళూ మాకు వండిపెట్టిన అవ్వ, గిన్నె కడుగుతూ కడుగుతూ ఆపి ఒక్క మాట అడిగింది. "ఆడ నీకెవరున్నరు బిడ్డా?"

అవ్వా, ఆ రోజు నీకు జవాబు చెప్పలేదు. విసురుగా తలుపు వేసుకుని పోయాను. ఈ రోజు అందరి ముందూ చెబుతాను, తల ఇటు తిప్పు.

నేను దోహాలో దిగిన రోజు ఇక్కడ నాకెవరున్నారు? విమానాశ్రయంలో ఖుత్బుద్దీన్ భాయ్ నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం చూసి భయపడి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వ్యాన్ చివరి సీట్లో కూర్చున్నాను. సగం దూరం వచ్చాక, "ఏ ఊరమ్మా మనది?" అని అడిగాడు, తెలుగులో. అంతే, క్వార్టర్స్ వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. క్వార్టర్స్‌లో ఐరిష్ మేట్రన్, మోయిరా మేడం, ఏడుస్తున్న నన్ను చూసి ఏమీ అడగకుండా వంటింట్లోకి తీసుకుపోయి నీ ముందు కూర్చోబెట్టింది. నువ్వు అన్నంలో మామిడికాయ తొక్కు కలిపి పెట్టావు. నాకు పెట్టి, ఆమెకూ ఒక ముద్ద పెట్టావు. ఆమె కళ్ళ నుంచి, ముక్కు నుంచి నీళ్ళు. ఇంకో ముద్ద అడిగింది. మీ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఆమె ఇక్కడున్నన్నాళ్ళూ వంటింటి వెనక మెట్టు మీద మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు ఆ స్పెయిన్ ఊళ్ళో ఉన్నది ఆ మోయిరానే, ఆ సంగతి నీకూ తెలుసు. నాకు ఆమె ఒక్కతే ఉంది అవ్వా. కానీ ఎవరూ లేని చోటుకు వచ్చి మీ అందరినీ సంపాదించుకున్నదాన్ని నేను. ఆ పని నాకు వచ్చు. ఇంకోసారి చేయగలనో లేదో చూసుకోవాలని ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది, నవ్వకూడదు. సముద్రం. మా ఆర్మూరులో గుట్టలున్నాయి, బండరాళ్ళున్నాయి, సముద్రం లేదు. ఇక్కడికి వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. వక్రాలో పడవలు కట్టేసే చోట ఇన్నేళ్ళుగా పొద్దున్నే నడుస్తున్నాను, చేపల వాళ్ళు నాకు సలాం చెబుతారు. కానీ పని ఉన్నంతకాలమే ఈ సముద్రం మనది. పని అయిపోతే ఇక్కడ ఉండే కాగితమూ అయిపోతుంది, అందుకు ఎవరి మీదా నాకు కోపం లేదు, ఆ సంగతి తెలిసే వచ్చాం. స్పెయిన్‌వాళ్ళు ఇచ్చిన వీసా ఏమిటో తెలుసా? అక్కడ ఉండొచ్చు, పని మాత్రం చేయకూడదు. నా జీవితంలో నన్ను పని చేయొద్దన్న దేశం ఇదే మొదటిది. (నవ్వులు)

పోయిన ఏడాది రెండు వారాలు ఉండి చూసి వచ్చాను. అంతా స్వర్గమని చెప్పను. ఇంగ్లీషువాళ్ళు రోజంతా రొట్టె గురించి గొణుగుతారు, ఇళ్ళలో గోడలకు చెమ్మ, తరచుగా ఎవరో ఒకరు చనిపోతూనే ఉంటారు. అయినా ఒంటరిగా ఉన్నవాళ్ళ తలుపు ప్రతి పొద్దున్నా ఎవరో ఒకరు తడతారు, వంతులు వేసుకుని. సముద్రం ఒడ్డున కాఫీ తాగుతుంటే ఒక డచ్చి ముసలాయన, "మీది ఏ దేశం?" అని అడిగాడు. 'ఖతర్' అని వచ్చేసింది నా నోట్లోంచి. ఇండియా అనలేదు, ఆర్మూరు అనలేదు. నాకే నా మీద ఆశ్చర్యం వేసింది, ఆ తర్వాత కాఫీ సయించలేదు.

మా తమ్ముడు మారుతి మంచివాడు. మరదలు ఇంకా మంచిది. అదే నా భయం. నాకు మేడ మీద గది సిద్ధం చేశారు, మంచం కొన్నారు, నన్ను ఎవరు ఆస్పత్రికి తీసుకుపోవాలో కూడా పంచుకున్నారు. "అక్కా, ఇగ సాలు. ఇగ నువ్వు కూసో, అన్ని మేం జూస్కుంటం" అంటాడు. మారుతి కూర్చోమంటే కోపం, స్పెయిన్ కూర్చోమంటే సంతోషమా అని మీరు అడగొచ్చు. స్పెయిన్‌లో ఎక్కడ కూర్చోవాలో నేనే చూసుకుంటాను, తేడా అంతే. కానీ వాడు ఎదురుగా నిలబడి 'పోవద్దక్కా' అంటే నేను పోగలనా? పోలేను. అందుకే వాడి మొహం చూడకుండా నేరుగా మాడ్రిడ్‌కు టికెట్ తీసుకున్నాను. రోగులకు ఎంతో ధైర్యం చెప్పాను గానీ, నాకు నేను చెప్పుకున్న ధైర్యం మాత్రం ఇంతే.

గదిలో పార్సిళ్ళు పెరుగుతూ పోయాయి. మొన్న సాయంత్రం వాటిని చూస్తూ కూర్చున్నాను. మెట్‌పల్లి, బోధన్, నిర్మల్, కోరుట్ల. తిరిగి ఇచ్చేద్దామని ఒకటి చేతిలోకి తీసుకున్నాను, ఇవ్వలేకపోయాను. నిన్న టికెట్ మార్చుకున్నాను. ముందు హైదరాబాద్ పోతున్నాను. (చప్పట్లు, ఈలలు) ఆపండి, ఆపండి! ఖుత్బుద్దీన్ భాయ్, బోధన్ తొవ్వలోనే ఉన్నదిలే, నువ్వే గెలిచావు. ఈ పెట్టెలో ఉన్నవన్నీ ఇంటింటికీ ఇస్తాను, అందరి బీపీ చూస్తాను, ఆ తర్వాత స్పెయిన్ పోతాను.

పోతాను అంటున్నాను. పోతానో లేదో నాకే తెలియదు. అదీ నిజం. ఆర్మూరులో మారుతి ఉంటాడు, ఆ మంచం ఉంటుంది. ఈ పెట్టెలో పార్సిళ్ళు పంచడం అయిపోయాక నన్ను ముందుకు నడిపించేది ఏముంది? ఇందులో అన్నీ ఇంటికే ఇచ్చారు మీరు. స్పెయిన్‌కు ఒక్కటి ఇవ్వలేదు. అందుకే ఈ సభలో నాకు ఒక కోరిక ఉంది, శాలువా కంటే పెద్దది. నాకు అక్కడికి కూడా ఒక పార్సిల్ ఇవ్వండి. ఏదైనా ఫరవాలేదు. చేర్చాల్సింది ఒకటి చేతిలో ఉంటే, తమ్ముడు కాళ్ళ మీద పడినా నేను పోతాను. నా సంగతి నాకు తెలుసు.

(మూడో వరుసలోంచి రాములవ్వ లేచింది.)

అవ్వా, ఎందుకు లేచావు, మోకాళ్ళు నొప్పి కదా, కూర్చో. ఏమిటది?

(రాములవ్వ వేదిక దగ్గరకు వచ్చి, చేతిసంచిలోంచి మూతకు గుడ్డ బిగించి కట్టిన సీసా తీసింది. గజేందర్ గారు మైకు ఆమె ముందు పెట్టారు.)

"గిది మోయిరమ్మకు. మామిడికాయ తొక్కు. వారం దినాల సంది సంచిల వెట్టుకొని తిరుగుతున్న, నీకు ఇయ్యబుద్ధి గాలె. ఇస్తె నువ్వు పోతవ్ గద. పట్కపో బిడ్డా. పగలకుంట పట్కపో."

(సునంద గారు సీసాను రెండు చేతులతో అందుకున్నారు.)

నర్సింలూ, ఇది ఆ పెద్ద పెట్టెలో వద్దు. చిన్నది వేరే చూడు, నా దుప్పటి చుట్టి పెట్టు, గట్టిగా కట్టు. అధ్యక్షులకు, డాక్టరు గారికి, ఇంత దూరం నుంచి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. సీసా నా చేతికి వచ్చింది, ఇక నేను పోక తప్పదు. అవ్వా, సెలవు.