స్కానర్ మీద శీలావతి

2006. ఏలూరు పవర్‌పేటలో కనకరాజు డీటీపీ సెంటర్. పెదపాడు చేపల రైతునంటూ వచ్చిన నరసరాజు, సంచిలోంచి శీలావతి చేపను తీసి స్కానర్ అద్దం మీద పెట్టేశాడు.

“అయ్యయ్యో, నేరుగా పెట్టేశారేంటండీ! కవరన్నా పరచాలి కదా!”

“మొప్పలు బాగా కనపడేలా బొమ్మ తీసి మెయిల్లో పంపమన్నారండి కాకినాడ చేపల డాక్టరుగారు. కెమెరా రీలు కడిగించేసరికి చెరువంతా చచ్చి తేలిపోద్ది. త్వరగా కానివ్వండి, కనకరాజు గారూ.”

“ఏం కానిస్తానండీ? స్కానరే లేదంటోంది కంప్యూటరు.”

“ఎదురుగా ఉందిగా!”

“మనకి ఉందండి. ఈ లినక్సుకి లేదు.”

“మరి విండోసు ఏదండీ?”

“తీసేశానండి. అది దొంగ సీడీ. పోయిన వారం దొంగ సీడీలు పట్టుకునే రైడింగువాళ్లొచ్చి పక్కషాపు రత్నం గారి కంప్యూటర్లన్నీ వ్యానులో వేసుకుపోయారు. ఇదైతే ఉచితం, భయం లేదని మా కంప్యూటర్ మెకానిక్ నెల్సన్ ఎక్కించాడు.”

“భయమూ లేదు, స్కానరూ లేదు. పోనీ, ఈ ఒక్కసారికి ఆ సీడీ వేసెయ్యకూడదా?”

“దొరికిపోయేది ఆ ఒక్కసారికేనండీ.”

“అక్కడ నా చేపలు చచ్చిపోతున్నాయండీ బాబూ! ఇంతకీ సీడీ ఉందా, పారేశారా?”

“పారెయ్యలేదులెండి... చేతులు రాక...”

“ఎక్కడుంది?”

“దేవుడి పటం వెనకాల. ఉండండుండండి, నెల్సన్ ఫోను... ఆ, నెల్సన్, స్కానర్ లేదంటోందేంటి?... ఏంటీ? నాకు పర్మిషన్ లేదా? నా షాపులో నాకా?... రూటా? ఆయనెవరు?”

“ఎవరండీ ఆ రూటు?”

“ఇందులో యజమాని పేరటండి. ఆ పేరుతో లోపలికెళ్తేనే స్కానర్ని ముట్టుకోనిస్తుందట. రూట్... పాస్‌వర్డు... ఎంటర్... అదిగో, లైటు కదిలింది!”

“వచ్చిందా?”

“వచ్చిందండీ! మొప్పలు చూడండి, ఎర్రగా నిగనిగలాడిపోతున్నాయి... ఏవండీ, అసలు దీనికి జబ్బేంటండీ?”

“జబ్బేం లేదు. పొద్దున మార్కెట్లో కొన్నాను. మొన్న వచ్చిన రైడింగు పార్టీ మాదేనండి.”

“అమ్మబాబోయ్! నా దాంట్లో ఉంది లినక్సేనండీ, మీ కళ్లతో మీరే చూశారుగా!”

“చూశాను. ఆ పటం వెనకాల సీడీ ఇలా ఇవ్వండి.”

“అది వాడట్లేదండీ, ఒట్టు! దానికి కూడా కేసు రాస్తారా?”

“కేసు రాయాలంటే ముందు మా ఆఫీసు కంప్యూటరు లేవాలి కదండీ. మా దొంగ సీడీకి గీతలు పడ్డాయి.”