శంఖుపూల రసం

కొత్తవాడ నేతగాడొకడు కాలేజీ ల్యాబులోకి దూసుకొచ్చి, జంపఖానాలు నేసేటప్పుడు పోగులను దట్టించే ఇనుప పంజా పళ్ళను, అక్కడ పరిశోధన చేసే సారు గొంతుకు ఆనించాడు.

“శంఖుపూలల్ల ఉండే పెప్టైడు అనే పదార్థం క్యాన్సర్‌ను చంపుతదని పేపర్ల చెప్పింది నువ్వే గద?”

“నేనే అన్నా. కానీ అది గాజు గిన్నెల పెంచిన కణాలనే చంపింది. మనుషులకు ఇంకా ఇయ్యనే లేదు.”

“నా పెండ్లాం దవాఖాన సూదులు బంద్ వెట్టి, ఆ పూలే నూరుకొని తాగింది. నిన్ననే ఆమెను కాట్ల కాలవెట్టిన.”

పళ్ళు దిగబడ్డాయి. సారుకు కాలరు లోపల వెచ్చగా నెత్తురు తగిలింది.

“సూదులు ఆపమని నేను చెప్పలే అన్నా! ఎవరు ఆపిన్రు?”

నేతగాడు పంజాను కిందికి దించాడు.

“దవాఖానకు తీస్కపొమ్మని నా కాళ్ళ మీద పడ్డది. నేనే అర్రల తాళమేసి, ముక్కు మూసి తాపిన.”