ఊఁ అన్నదెవరు

1947. జనగామ దగ్గర ఒక పల్లె. కుమ్మరి దుర్గయ్య సారె మీద కుండ చేస్తున్నాడు. భార్య గట్టమ్మ పక్కనే మట్టి తొక్కుతూ అడిగింది.

“ఇంటున్నవా?”

“ఊఁ.”

“ఏం చెప్పిన?”

“చెప్పినవ్ గద.”

“ఏం చెప్పిన అంటున్న.”

“గదే. మట్టి సంగతి.”

“మట్టి కాదు. మన బర్రె మేకను ఈనిందన్న. ఊఁ అన్నవ్.”

“సారె తిరుగుతుంటె చెవులెట్ల పంజేస్తయే?”

“జర ఆపు. ఇటు జూడు.”

“ఆపిన. చెప్పు.”

“మొన్న గూడ గిట్లనే ఊఁ అన్నవ్. నేను పోయి సంఘపోళ్లకు చెప్పొచ్చిన.”

“దేనికన్న?”

“ఇయ్యాల పొద్దుగూకేలోపు దొర మనిషి వస్తడు. గడిల పెండ్లికి కుండలు తెమ్మంటడు. ఉట్టిగ ఇచ్చేది లేదని ముంగట నిలబడి నువ్వు చెప్తవా అన్న. ఊఁ అన్నవ్.”

“నేనా?”

“నువ్వే. సంఘం సోమనర్సయ్యన్న ఊరంత తిరిగిండు. దుర్గయ్య నోరు తెరిస్తె మేం గూడ తెరుస్తమన్నరంట అందరు.”

“పోయినసారి నోరు తెరిసినోనికి ఏమైందో యాదికున్నదా?”

“ఉన్నది. చెయ్యి ఇరగ్గొట్టిన్రు.”

“చెయ్యి ఇరిగితె కుమ్మరోనికి ఇంకేముంటదే?”

“గందుకే రాత్రి నిద్ర పట్టలే. నువ్వు ఇనలేదని నాకు అప్పుడే తెల్సు. తెలిసే పోయి చెప్పిన. ఇప్పుడు భయమైతుంది.”

“మరి?”

“ఇనకుంట అన్న ఊఁ చెల్లదు. పోయి సోమనర్సయ్యన్నకు చెప్పొస్త.”

“కూసో.”

“కాళ్లు కడుక్కొని ఉరికొస్త.”

“కూసోమన్న. నేనిన్న.”

“ఏం ఇన్నవ్?”

“మొన్న నువ్వు రెండుపార్లు అడిగినవ్. రెండోపారి నీ గొంతు సన్నగయింది. గప్పుడే ఊఁ అన్న.”

“మరి బర్రె ముచ్చట?”

“బర్రె మేకను ఈనితె నేనేం జేయాలె? పోయి పురుడు పొయ్యాలెనా?”

“దొంగ. అన్నీ ఇనుకుంటనే.”

“ఒక్కడే మాట్లాడితె చెయ్యి ఇరుస్తరు. ఎంటనే ఇంకొకలు అందుకుంటె ఊరు కదులుతదన్నడు సోమనర్సయ్య. రెండో పేరు గూడ నిన్ననే ఇచ్చిన.”

“ఎవలిది?”

“నీదే. నేనేదీ ఇననని తిట్టుకుంట మట్టి తొక్కుతుంటివి. నా ఎన్క నోరు తెరుస్తవా అని నడుమల అడిగిన. ఊఁ అన్నవ్.”