వేలెత్తిన చోటే వైరు తెగింది

ఏరా, మళ్ళీ అదే కారా? ఆ కుర్చీ ఇలా జరుపు, కాసేపు కూర్చుంటా. అబ్బా, మోకాళ్ళు. ఏమంటోంది ఆ చేతిలో స్కానరు పలక? కాయిల్ అంటోందా? అంటుంది, దానికేం పోయింది. మొన్న ఓ కాయిల్ మార్చావు, నిన్న ఇంకోటి మార్చావు, ఇవాళ మూడోదాని అట్టపెట్టె చింపుతున్నావు. ఆగరా బాబూ, కాస్త ఆగు. అమ్మమ్మకేం తెలుసులే అని నవ్వుకో, నాకేం నష్టం లేదు. ఇదే షెడ్డులో, ఇదిగో నువ్వు నిలబడ్డ చోటే, మీ తాత కూడా ఇలాగే కాయిళ్ళు మార్చుకుంటూ నెత్తి పట్టుకున్నాడు. నువ్వు పుట్టక ముందే పోయాడు కాబట్టి నీకు తెలీదు. మీ అమ్మకీ పూర్తిగా తెలీదు. మీ అమ్మకి చెబితే ఊరంతా చెప్పినట్టే కదా, అందుకే చెప్పలేదు.

అప్పుడు షెడ్డు మనది కాదు, ఓనరొకాయన ఉండేవాడు. తాత పెద్ద మేస్త్రి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. విని, "రెండో ప్లగ్గు" అనేవాడు. తీసి చూస్తే రెండో ప్లగ్గే! జనం నోరెళ్ళబెట్టేవాళ్ళు. చెవి మేస్త్రి అనేవాళ్ళు ఆయన్ని. నేను ఇంట్లో బట్టలు కుట్టేదాన్ని, షెడ్డుకి సీటు కవర్లు కూడా కుట్టిచ్చేదాన్ని. ఆ మిషను ఇంకా ఉంది, మీ అమ్మ దాని మీద పూలకుండీ పెట్టింది, చూస్తే కడుపు రగిలిపోతుంది నాకు. సరే, ఎక్కడున్నాను? ఆఁ, స్కూలు వ్యాను.

వ్యాను వచ్చింది. పిల్లల్ని ఎక్కించుకుని ఎత్తు ఎక్కుతుంటే మిస్సింగ్ కొడుతోంది. ఊరికే నిలబడితే బాగానే ఉంటుంది, లోడు పడితే చాలు దగ్గుతుంది. తాత ప్లగ్గులు మార్చాడు. తీసుకెళ్ళారు, మర్నాడు తిరిగొచ్చింది. ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ మార్చాడు. మళ్ళీ వచ్చింది. మీటరు పెడితే కాయిల్‌కి కరెంటు సరిగ్గానే వస్తోంది. బండి కదలకుండా ఉన్నప్పుడు పెట్టాడు మరి, రాక చస్తుందా! ఆ డ్రైవరొకడు, లావుపాటి మనిషి, గొంతు మాత్రం సన్నం, "మేస్త్రిగారూ, పిల్లల్ని నడిరోడ్డు మీద దించి తోయించానండీ, ఇంక నా వల్ల కాదండీ" అని కీచుగొంతుతో ఒకటే గోల. ఓనరుకి విసుగొచ్చింది. "మేస్త్రీ, శనివారం దాకా చూస్తా. కాకపోతే నువ్వు విశ్రాంతి తీసుకో, కుర్రాణ్ణెవర్నన్నా పెట్టుకుంటా" అనేశాడు. ఈ మాట నాకు తాత చెప్పలేదు. డ్రైవరు పెళ్ళాం జాకెట్టు కొలతలకొచ్చి చెప్పింది.

తాత ఎందుకు చెప్పలేదంటావా? మాకు మాటల్లేవు అప్పుడు. అంటే, నాకు లేవు. మా అమ్మకి చూపు తగ్గుతోందిరా. ఒక్కతే ఉండేది, పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంది. మనింటికి తెచ్చుకుందామని నేను ఏడుస్తూ చెప్పాను మీ తాతకి, ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వెనకాల నిలబడి. "ఊఁ" అన్నాడు. అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అంతే! మా అమ్మ గురించి చెబితే ఒక్క ఊఁ! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశా. రెండు నెలలు. కంచం పెట్టడం, తీయడం, అంతే. ఇంకా మండిందేంటంటే, ఆయనకి పట్టనే లేదు! "ఏమే, కోపమా" అని ఒక్కసారన్నా అడిగితే ఒట్టు. ఎంత రాయిరా ఈ మనిషి అనుకున్నా. దేవుడా, ఎన్ని మాటలనుకున్నానో మనసులో.

శుక్రవారం సీటు కవర్లు ఇవ్వడానికి షెడ్డుకొచ్చా. నిజం చెప్పాలంటే ఆ కవర్లు వచ్చే సోమవారానికి ఇస్తే సరిపోయేవి. కోపమున్నా కాళ్ళు ఆగవు కదా. తాత ఇటు వీపు పెట్టి వ్యాను మీద వంగున్నాడు, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని. ఇంజను ఆపే ఉంది. ఇంకా స్టార్ట్ చెయ్యలేదేమో, చోటు చూసుకుంటున్నాడు. ఇంతలో ఆ ఇనప షట్టరు కొక్కెం జారి ధడేల్మని పడింది. నా చేతిలో కవర్లు కిందపడ్డాయి. డ్రైవరు "అమ్మో" అని ఎగిరాడు. తాత కదల్లేదు. తల కూడా తిప్పలేదు. ఓనరు నవ్వి, "చూశారా, మేస్త్రి పనిలో దిగితే బాంబు పడినా తెలీదు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదురా. ఆ ఊఁ, అంతకు ముందు ఊఁలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

వెళ్ళి ఎదురుగా నిలబడ్డా. గొంతు పెంచకుండా, పెదాలు కదిలించి అడిగా, "వినపడట్లేదా?" అటూ ఇటూ చూశాడు. తల దించేశాడు. గడ్డం పట్టుకుని పైకెత్తా. "ఎప్పట్నుంచి?" రెండు వేళ్ళు చూపించాడు. రెండేళ్ళట! మనుషుల ముఖాలు చూసి, పెదాలు చూసి, నెట్టుకొస్తున్నాడు. ఇంజన్లని చేత్తో పట్టుకుని ఊపుని బట్టి పోల్చుకునేవాడట. ఈ వ్యాను పాత డొక్కు, మొత్తం ఊగేదే, చేతికేం తెలుస్తుంది? "నాకు కూడా చెప్పవా?" అన్నా. "చెవి మేస్త్రికి చెవులు పోయాయని ఎలా చెప్పనే" అన్నాడు. నాకు ఏడుపూ వచ్చింది, రెండు పీకాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు. "స్టార్ట్ చేయించు, నేను వింటా" అన్నా.

నీకు నవ్వుగా ఉందా? మిషను మీద ఇరవయ్యేళ్ళు కూర్చున్న దాన్నిరా. ఒక్క కుట్టు జారితే చప్పుడుని బట్టే తెలుస్తుంది నాకు. డ్రైవరు స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కిపట్టి, లోడు పడేలా రేసు పెంచాడు. విన్నా. మిషను చక్రానికి పన్ను విరిగితే చుట్టుకోసారి తప్పుతుంది, దానికో వరసుంటుంది. ఇది అలా లేదు. దారం ఎక్కడో పట్టుకుని వదిలేస్తుంటే ఎప్పుడు పడితే అప్పుడు జారుతుందే, అలా ఉంది. అదే చెప్పా. మీ తాత నా పెదాలే చూస్తున్నాడు. ముఖం వెలిగిపోయింది! "ప్లగ్గయితే వరసలో తప్పుతుంది. వరస లేదంటే కాయిల్‌కి వెళ్ళే వైరే. నేను జానెడు జానెడు కదుపుతా, తప్పినప్పుడల్లా వేలెత్తు" అన్నాడు.

స్విచ్చి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. కదపడం, నన్ను చూడటం. కదపడం, నన్ను చూడటం. ఇంజను వెనక క్లిప్పు దగ్గరకొచ్చేసరికి ఠక్కున దగ్గింది. వేలెత్తా. వదిలేశాడు, సర్దుకుంది. మళ్ళీ కదిపాడు, మళ్ళీ ఎత్తా. మూడోసారికి బండే ఆగిపోయింది. బ్లేడుతో తొడుగు చీరితే లోపల రాగి పోగులన్నీ తెగి రెండే రెండు మిగిలాయి. పైకి మాత్రం నవనవలాడుతోంది. లోడు పడి ఇంజను పక్కకి ఒరిగినప్పుడల్లా ఆ రెండూ విడిపోతున్నాయి. అయితే ఆ క్లిప్పు బిగించిందెవరు? మీ తాతే! ముందు ఏడాది గేరుబాక్సు దించి ఎక్కించినప్పుడు వైరుకి కాస్త వదులు ఉంచకుండా లాగి బిగించాడు.

కొత్త వైరేసి చేతులు తుడుచుకుని ఓనరు దగ్గరికి వెళ్ళాడు. "తప్పు నాదే. నేను బిగించిన క్లిప్పే. ఇంకోటి, నాకు చెవులు వినపడవు" అన్నాడు. నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డా. ఓనరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఆ మూల ఖాళీగానే ఉంది, అమ్మా. మిషను ఇక్కడికే తెచ్చుకో" అన్నాడు. అలా వచ్చానురా నేను ఈ షెడ్డులోకి. ఆయన చెయ్యి, నా వేలు. పదహారేళ్ళు.

మా అమ్మ సంగతా? వ్యాను పని అవగానే మళ్ళీ చెప్పాను, ఈసారి ఎదురుగా. "ఎప్పుడు చెప్పావు ఇది?" అన్నాడు, ముఖం పాలిపోయి. రెండు నెలలైంది, అప్పట్నుంచీ నీతో మాట్లాడట్లేదు అన్నా. "మాట్లాడట్లేదా!" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాం ఇద్దరం. ఆ వ్యానులోనే, టెస్టింగ్ అని డ్రైవరుకి చెప్పి, తెల్లారి వెళ్ళి తెచ్చేశాడు మా అమ్మని. తొమ్మిదేళ్ళుందిలే మాతో. ఆవిడకి చూపు లేదు, ఈయనకి వినికిడి లేదు, మధ్యలో నాకు మతి పోయేది.

చివర్లో ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు మీ తాత. పెదాలు చూసే వీల్లేదు ఇంక. అయినా చెవిలో చెప్పాను. ఆ రెండు నెలలు నిన్ను తిట్టుకున్నానయ్యా, అదంతా వెనక్కి తీసుకుంటున్నా అన్నాను. ఊఁ అన్నాడు. అది విన్న ఊఁనో, అలవాటు ఊఁనో, ఇప్పటికీ నాకు తెలీదురా.

సరే, స్టార్ట్ చెయ్. ఆ పలక పక్కన పెట్టు. కాయిల్ ముట్టుకోకు, దాని వైరు కదుపు. మెల్లగా. ఇంకాస్త వెనక్కి. నన్ను చూడరా, ఇంజన్ని కాదు. ఇదిగో, ఎత్తాను.