జర్మన్‌కూ జావాకూ నడుమ వంటింటి తలుపు

నా వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా నర్సింగ్ కాలేజీ యజమాని గురుప్రసాద్ గారికి, నాకు శాలువా కప్పిన ప్రిన్సిపాల్ సుభాషిణి గారికి, ఇంత ఎండలో ప్రొద్దుటూరు దాకా వచ్చిన పెద్దలకు, వెనక వరసలో గుసగుసలాడుతున్న నా పిల్లలకు, మీ జర్మన్ టీచర్ మహమూదా సలాములు, నమస్కారాలు.

ఇందాక గురుప్రసాద్ గారు నా గురించి చెబుతూ, "మేడం కువైట్‌లో జర్మన్ కుటుంబం దగ్గర ఉండి జర్మన్ నేర్చుకున్నారు" అన్నారు. నిజమే, కానీ అది సగమే. మొన్న ఆయనే నన్ను పక్కకు పిలిచి, "అక్కా, సభలో జర్మన్ గురించి చెప్పు, ఆ వంటింటి జావా సంగతులు ఎందుకులే, శానా పెద్దోళ్ళు వస్తాండారు" అన్నారు. అప్పా, ఏమీ అనుకోవద్దు, ఆ రెండో సగం చెప్పకుండా నేను ఈ మైకు వదిలేది లేదు. (నవ్వులు)

జమ్మలమడుగు నుంచి కువైట్ పోయినప్పుడు నాకు తెలుగూ ఉర్దూ తప్ప ఏమీ రావు. నేను పనికి కుదిరిన ఇంట్లో హాల్లో జర్మన్, వంటింట్లో జావా భాష. యజమానురాలు ఫ్రౌ లోరెంజ్. ఫ్రౌ అంటే మన శ్రీమతి. వంట చేసే సుమియాతి ఇండోనేషియాలోని జావా దీవి మనిషి, మా అమ్మ ఈడుది. నడుమ ఒక తలుపు. ఆ తలుపులోంచి అటూ ఇటూ పళ్ళేలు మోస్తూ మోస్తూ రెండు భాషలూ నేర్చుకున్నాను.

ఏది కష్టమని పిల్లలు అడుగుతుంటారు. జర్మన్‌లో ప్రతి వస్తువూ ఆడదో, మగదో, రెండూ కాదో ముందే తెలిసుండాలి. చెంచా మగాడు, ఫోర్కు ఆడది, కత్తి రెండూ కాదు. ఆ మూడూ ఒకే సొరుగులో ఎట్లా కాపురం చేస్తున్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. (నవ్వులు) మాటకు మాట తగిలించుకుంటూ పోతే ఎర్రగుంట్ల స్టేషన్లో గూడ్సుబండి అంత పదం తయారవుతుంది. జావాలో ఈ గొడవలేవీ లేవు. నిన్న తిన్నా రేపు తిన్నా క్రియ మారదు. అబ్బ, ఎంత సులభం అన్నాను. సుమియాతి పడీపడీ నవ్వింది. ఎందుకంటే అక్కడ ఎవరితో మాట్లాడుతున్నామో దాన్ని బట్టి మాటలే మారిపోతాయి. నేను తింటే 'మాంగన్', ఆమె తింటే 'దాహర్'. మనకు నువ్వూ మీరూ ఉంటే దాదాపు సరిపోతుంది. వాళ్ళకు అన్నానికీ, ఇంటికీ, నిద్రకూ కూడా మర్యాద మాట వేరే ఉంది.

కూరలో ఉప్పెక్కువైతే ఫ్రౌ లోరెంజ్ ఎక్కువైందని ముఖం మీదే చెప్పేది. సుమియాతి 'ఇంగ్గిహ్', అంటే 'చిత్తం' అనేది. అది ఒప్పుకోవడమో, ఊరికే విన్నాననడమో ఆమె కండ్లు చూసి తెలుసుకోవాలి. కోస్తా వాళ్ళు మన కడప మాట మోటు అంటారు కదా, జర్మన్ విన్నాక నాకు మన మాట మీద గర్వం పెరిగింది. సూటిగా మాట్లాడేవాళ్ళం మనమొక్కరమే కాదని తెలిసింది. (చప్పట్లు)

ఇంకో సంగతి. జర్మన్‌లో మీరు అనడానికి 'జీ', నువ్వు అనడానికి 'డూ'. చిన్నవాళ్ళు తమంతట తాము డూలోకి దిగరాదు, పెద్దవాళ్ళే పిలవాలి. అందుకే క్లాసులో నేను ఎప్పుడూ మిమ్మల్ని జీ అనే అన్నాను. మేడంకు మనమంటే ప్రేమ లేదని కొందరు అనుకున్నారంట. ఉంది తల్లీ, శానా ఉంది. రేపు జర్మనీ ఆసుపత్రుల్లో నర్సులుగా మీరు ఎవరితోనూ మర్యాద తప్పకూడదని అట్లా అలవాటు చేశాను.

నేను కువైట్ వదిలి వచ్చేనాడు పెట్టె గుమ్మంలో ఉంది. ఫ్రౌ లోరెంజ్ హాల్లోంచి వచ్చి నా చేయి పట్టుకుని, "నా పేరు రెనాటె. ఇకనుంచి నన్ను డూ అను" అంది. నేనేమో ఆ ఇంటి పనిమనిషిని. అంతలో వంటింటి తలుపు తెరుచుకుని సుమియాతి వచ్చింది. నేను బయటికి పోయినప్పుడల్లా ఆమె 'అతి-అతి', జాగ్రత్త అని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పేది. ఆ రోజు చేతులు కట్టుకుని, తల వంచి, "సుగెంగ్ తిందాక్" అంది. అది పెద్దవాళ్ళు ప్రయాణమైతే చెప్పే మాట. నాకు మాటలు నేర్పిన మనిషి, అమ్మ ఈడు మనిషి, నన్ను పెద్దదాన్ని చేసింది. ఒక భాష నన్ను దగ్గరికి పిలిచింది, ఒకటి నన్ను పైకెత్తింది. ఏది గొప్పదని మాత్రం నన్ను అడగొద్దండి. విమానమెక్కినా నా ఏడుపు ఆగలేదు.

ఇది ఎందుకు చెప్పానంటే, గురుప్రసాద్ గారూ, నా స్థానంలోకి హైదరాబాదు నుంచి ఎవరినో తెస్తారని విన్నాను. మన ఇరమ్ ఉండగా ఎందుకు? తను పులివెందుల పిల్ల, ఈ కాలేజీలోనే చదివి, ఇప్పుడు క్లాసులో నాకు సాయం చేస్తోంది. నా మోకాళ్ళు మొరాయించిన ఏడాదంతా నా క్లాసు తనే నడిపింది. ఆ ఏడాది పిల్లలు ఇప్పుడు జర్మనీలో నర్సులు. "పిల్ల మంచిదే అక్కా, మాటే మోటు, పెద్ద కాలేజీకి బాగుంటాదా?" అని మీరన్నారు. మరి మీరు మాట్లాడేది ఏ ఊరి మాటప్పా? (పెద్దగా నవ్వులు) నిన్న నా ఆఖరి క్లాసు అయ్యాక ఇరమ్ నా దగ్గరికొచ్చి, "మేడం, నేనింక ఈడికి రానక్కర్లేదా?" అంది. అందుకే ఇప్పుడు అందరి ముందూ చెప్తున్నాను, నా క్లాసు ఇరమ్‌కే ఇవ్వండి.

ఇరమ్, పైకి రా. రా తల్లీ, సిగ్గేంది?

ముందు జర్మన్ పద్ధతి. నా పేరు మహమూదా. ఇకనుంచి నన్ను డూ అను. చూడండి, "నాతో కాదు మేడం" అంటాంది! (నవ్వులు) అలవాటవుతాదిలే.

గురుప్రసాద్ గారు తల ఊపుతున్నారు. ఏమప్పా, అది జర్మన్ అవునా, జావా చిత్తమా? మైకులో చెప్పండి.

(గురుప్రసాద్ గారు: "జర్మన్‌దే అక్కా! సోమవారం నుంచి ఆ పిల్లే చెప్తాది." చప్పట్లు)

నా మాట నిలబెట్టిన గురుప్రసాద్ గారికి, ఇన్నేళ్ళు నన్ను కడుపులో పెట్టుకుని చూసుకున్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఇక మిగిలింది జావా పద్ధతి. వాళ్ళలో పోయేవాళ్ళు, ఉండే పెద్దల ముందు తల వంచి 'న్యువున్ పామిత్' అంటారు, పోవడానికి అనుమతి అడుగుతారు.

ఇరమ్ టీచర్ గారూ, న్యువున్ పామిత్. తమరు సరేనంటే, నాకు సెలవు.